తలకు దెబ్బ: ఆ రక్తపరీక్ష ముందు రావలసింది స్కాన్ లేని ఆసుపత్రికే

"తలకు దెబ్బ తగిలితే ఇక స్కాన్ అక్కర్లేదు, పావుగంటలో రక్తపరీక్షే గాయం ఎంత తీవ్రమో చెప్పేస్తుంది" అన్న సందేశం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య మళ్ళీ తిరిగింది. అందులో పావుగంట అన్న మాట నిజమే. అబాట్ కంపెనీ తయారుచేసిన ఐ-స్టాట్ టీబీఐ కార్ట్రిడ్జికి (టీబీఐ అంటే దెబ్బ వల్ల మెదడుకు అయిన గాయం) 2024 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. నరం నుంచి తీసిన రక్తాన్ని ల్యాబుకు పంపి అందులోని ద్రవాన్ని విడదీయనక్కర్లేకుండా, రోగి మంచం పక్కనే చేతిలో పట్టే పరికరంలో పెడితే 15 నిమిషాల్లో రెండు ప్రోటీన్ల మోతాదు తెలుస్తుంది. గాయం ఎంత తీవ్రమో చెప్పేస్తుందన్న మాట మాత్రం నిజం కాదు. ఆ పరీక్షకు అనుమతి ఇచ్చింది చాలా చిన్న ప్రశ్న కోసం: 18 ఏళ్ళు నిండి, దెబ్బ తగిలి 24 గంటలు దాటకుండా, స్పృహలో ఉండి దాదాపు సరిగానే మాట్లాడుతున్న మనిషికి సీటీ స్కాన్ తీయాలా, తీయకపోయినా ఫరవాలేదా? అంతవరకే.

ఆ సందేశం తప్పని చెప్పి ఊరుకోవడానికైతే ఇంత రాయవలసిన పని లేదు. ఈ పరీక్ష నేడో రేపో మన దగ్గర కూడా వాడుకలోకి వస్తుంది, రావాలి కూడా. అది ఏ దారిన వస్తుందన్నదే నా బెంగ. స్కాన్, న్యూరోసర్జన్, ఐసీయూ అన్నీ ఒకే కప్పు కింద ఉన్న నగరపు ఆసుపత్రికి ముందు వచ్చి, స్కాన్‌తో పాటు బిల్లులో ఇంకో వరుసగా చేరడం ఒక దారి. స్కాన్ లేని, లేదా స్కాన్ ఉన్నా రాత్రిపూట తీసే మనిషి లేని ఏరియా ఆసుపత్రికి ముందు వచ్చి, ఎవరిని ఈ క్షణమే పంపాలో, ఎవరిని దగ్గర పెట్టుకుని చూడవచ్చో తేల్చుకోవడంలో డ్యూటీ డాక్టరుకు సాయపడడం రెండో దారి. రెండో దారిన రావాలంటే పరికరాన్ని దిగుమతి చేసుకుంటే సరిపోదు, అందులోని హద్దులను, అంటే ఎంత మోతాదు చేరితే ప్రమాదంగా లెక్కించాలన్న అంకెలను, మన ప్రశ్నకు తగినట్టు మళ్ళీ కట్టుకోవాలి. ఈ రెండు మాటలనూ సమర్థించడానికే ఈ వ్యాసం.

అంకె వెనుక ఉన్న ప్రశ్న

ఆ రెండు ప్రోటీన్ల పేర్లు జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1. మొదటిది నాడీకణాలను ఆనుకుని వాటికి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లలో ఉంటుంది, రెండోది నాడీకణాల్లోనే ఉంటుంది. కణాలు చితికినప్పుడు ఇవి బయటపడి రక్తంలో కలుస్తాయి. దెబ్బ తగిలిన గంటలోపే రెండూ రక్తంలో కనిపిస్తాయనీ, యూసీహెచ్-ఎల్1 సుమారు 8 గంటలకు, జీఎఫ్‌ఏపీ సుమారు 20 గంటలకు గరిష్ఠానికి చేరుతుందనీ 2016లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి రక్తం ఎన్నో గంటకు తీశారో తెలియకుండా ఆ అంకెను చదవడానికి వీల్లేదు. పడిన సమయం ఎవరికీ తెలియని మనిషి, రోడ్డు పక్కన ఎవరో చూసి తీసుకొచ్చిన మనిషి మన క్యాజువాలిటీల్లో తక్కువేమీ కాదు.

ఈ జంట పరీక్షకు ఎఫ్‌డీఏ మొదటిసారి అనుమతి ఇచ్చింది 2018 ఫిబ్రవరిలో. దానికి ఆధారమైన అలర్ట్-టీబీఐ అధ్యయనంలో 1,959 మంది ఫలితాలను లెక్కకు తీసుకున్నారు. మిల్లీలీటరు రక్తద్రవంలో జీఎఫ్‌ఏపీ 22 పికోగ్రాములు, యూసీహెచ్-ఎల్1 327 పికోగ్రాములు హద్దులుగా పెట్టుకున్నారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. రెండింటిలో ఏ ఒక్కటి హద్దును చేరినా పాజిటివ్ అనే లెక్క. ఆ 1,959 మందిలో సీటీలో మెదడు గాయం కనిపించినవారు 125 మంది. రక్తపరీక్ష నెగెటివ్ వచ్చిన 671 మందిలో అలాంటి గాయం ఉన్నవారు ముగ్గురే. పాజిటివ్ వచ్చిన 1,288 మందిలో 122 మంది.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టుకుంటే పరీక్ష స్వభావం తెలిసిపోతుంది. నెగెటివ్ వస్తే స్కాన్‌లో ఏమీ ఉండదని దాదాపు నమ్మవచ్చు. పాజిటివ్ వస్తే మాత్రం పదిమందిలో తొమ్మండుగురికి స్కాన్‌లో ఏమీ ఉండదు. దీన్ని పరీక్షలోని లోపంగా చూడకూడదు, ఎందుకంటే ఒక్కరు కూడా జారిపోకూడదని హద్దును కావాలనే అంత కిందికి దించారు. ఏం జల్లిస్తున్నామన్న దాన్ని బట్టే జల్లెడ కన్ను సన్నగానో వెడల్పుగానో ఉంటుంది. అక్కడ వాళ్ళు జల్లిస్తున్నది స్కాన్ అక్కర్లేని వాళ్ళను. అమెరికాలో, ఐరోపాలో తలకు దెబ్బ అని వచ్చినవారిలో చాలామందికి స్కాన్ తీస్తారు, అందులో అత్యధికం నార్మల్‌గా వస్తాయి, దానికి ఖర్చు, రేడియేషన్, గంటల కొద్దీ నిరీక్షణ. స్కాన్ గది పక్కనే ఉన్నచోట పుట్టిన ప్రశ్న అది, 22 అన్న అంకె దానికి జవాబు.

ఇంకో ఉదాహరణ చూస్తే ఈ మాట మరింత తేటపడుతుంది. స్కాండినేవియా దేశాల వైద్యులు 2013 మార్గదర్శకాల్లోనే ఎస్100బి అనే ప్రోటీన్‌ను చేర్చారు. స్వల్ప గాయమై, ఇతర ప్రమాద లక్షణాలు లేనివారికి 6 గంటల లోపు తీసిన రక్తంలో అది లీటరుకు 0.10 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే స్కాన్ లేకుండానే ఇంటికి పంపవచ్చన్నారు. కానీ ఎస్100బి ఒక్క మెదడులోనే ఉండదు. కొవ్వులో ఉంటుంది, చర్మానికి రంగునిచ్చే కణాల్లో ఉంటుంది, ఎముకలు విరిగినా పెరుగుతుంది. ముదురు చర్మపు వారిలో తలకు ఏ దెబ్బా లేకుండానే దాని మోతాదు కొంత ఎక్కువగా ఉంటుందని కూడా గమనించారు. స్వీడన్‌లోనో నార్వేలోనో కట్టుకున్న హద్దును ఎండలో పనిచేసే పల్నాటి కూలీకి ఉన్నదున్నట్టు వర్తింపజేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. జీఎఫ్‌ఏపీకి ఈ చిక్కు లేదు, కానీ దానికి దాని చిక్కులున్నాయి. వయసు మళ్ళినవారిలో గాయం లేకపోయినా అది ఎక్కువగానే ఉంటుంది, అందువల్ల డెబ్భై దాటినవారిలో పాజిటివ్ అన్న మాటకు బరువు తగ్గిపోతుంది.

మన ప్రశ్న ఏమిటి

మా మేనమామకు తగిలిన దెబ్బ సంగతి చెప్పకుండా మన ప్రశ్న ఏమిటో నేను వివరించలేను. పెళ్ళి భోజనాల నుంచి మోటారు సైకిల్ మీద తిరిగి వస్తుంటే చీకట్లో గేదె అడ్డం వచ్చి పడిపోయాడు. హెల్మెట్ బండికి వేలాడుతూ ఉంది. తనంతట తాను లేచి, బండి పక్కకు తీయించి, పక్క టీకొట్టులో నీళ్ళు తాగి, ఇంటికి తనే ఫోన్ చేశాడు. మేము ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి రాత్రి పదకొండు దాటింది. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కణత దగ్గర చీలిన చోట కుట్లు వేయించి, సెల్‌ఫోన్ లైటుతో కంటిపాపలు చూసి, పేరు, వారం, భోజనంలో ఏం తిన్నాడు అని అడిగింది. వారం తప్ప అన్నీ సరిగ్గా చెప్పాడు. ఆ తర్వాత ఒకసారి వాంతి అయింది. పెళ్ళి భోజనం పడలేదని అత్తయ్య అంది.

ఆ ఆసుపత్రిలో స్కాన్ లేదు. స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఊరు రెండు గంటల దూరం. మావయ్య మాట్లాడుతూనే ఉన్నాడు, ఇంటికి పోదామంటున్నాడు. వెంట వచ్చిన నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారు. ఒకరు పొద్దున చూద్దామంటారు, ఒకరు కారు మాట్లాడతానంటారు, ఇంకొకరు వెళ్తే ఎంతవుతుందని అడుగుతారు. డాక్టరు పిల్ల ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి, కళ్ళు, మాట, చేతులు-కాళ్ళు అని మూడు గడులు చేసి, ప్రతి అరగంటకూ తనే వచ్చి అందులో అంకె వేసింది. రెండో వాంతికి ఆగకుండా 108కి ఫోన్ చేసింది. "పంపితే ఏమీ లేదని తిట్టుకుంటారు, పంపకపోతే ఏమన్నా ఉంటే నన్ను నేను క్షమించుకోలేనండీ" అంది. ఆమె మాట నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది, ఎందుకంటే ఈ విషయం మీద తర్వాత నేను చదివినదంతా ఆ ఒక్క వాక్యానికి జవాబు వెతుక్కుంటూ చదివిందే.

అదే రాత్రి అదే గదిలో మూలన స్ట్రెచర్ మీద ఒక కూలీ మనిషి పడుకుని ఉన్నాడు. మందు వాసన. పిలిస్తే గొణుగుతున్నాడు. తాగి పడ్డాడు, దిగితే లేస్తాడు అన్నారు అక్కడివాళ్ళు. తెల్లవారుజామున నర్సు కాగితం పట్టుకుని వెళ్ళినప్పుడు అతను కుడిచెయ్యి సరిగా ఎత్తడం లేదని గమనించిందనీ, అప్పుడు గానీ పంపలేదనీ తర్వాత తెలిసింది. వెంట ఎవరూ లేని మనిషి. అతనికి ఏమైందో చెప్పగలిగినవాళ్ళు నాకు దొరకలేదు.

గ్లాస్గోలో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ 1974లో రూపొందించిన కొలత ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. కళ్ళు తెరవడం, మాట్లాడడం, కదలడం అనే మూడింటికీ మార్కులు వేసి 3 నుంచి 15 వరకు లెక్కకట్టేది. ఆ రాత్రి డాక్టరు గీసిన మూడు గడులూ అవే. కాగితం, కలం తప్ప మరేమీ అక్కర్లేని ఆ కొలత ఎంత గొప్పదో ఆ గదిలో చూశాను, ఎక్కడ చాలదో కూడా అక్కడే చూశాను. 13 నుంచి 15 మార్కులు వచ్చిన వాళ్ళందరినీ స్వల్పం అనే ఒకే గంపలో వేస్తుంది. మా మావయ్యకు 14. తాగిన మనిషికి 12 వస్తే అది మందు వల్లనా, లోపల కారుతున్న రక్తం వల్లనా అన్నది ఆ కొలత చెప్పలేదు. ముసలితనపు మతిమరుపు ఉన్నవారికీ, నిద్రమాత్ర వేసుకున్నవారికీ, మన భాష రాని వలస కూలీకీ ఇదే ఇబ్బంది.

రక్తంలోని ప్రోటీనుకు మాటతీరుతో పనిలేదు. అతను పేదవాడా, తాగాడా, వెంట ఎవరున్నారు అన్న సంగతులు దానికి పట్టవు. ఆ స్ట్రెచర్ మీది మనిషికి అర్ధరాత్రి ఒక అంకె ఉండి ఉంటే, ఆ అంకె ఎక్కువగా ఉండి ఉంటే, దిగితే లేస్తాడు అన్న మాట అనడం అంత సులువయ్యేది కాదు. మన దగ్గర ఈ పరీక్షకున్న మొదటి ప్రయోజనం ఇదే అని నేను బలంగా నమ్ముతున్నాను. స్కాన్ ఆదా చేయడం మన ప్రశ్న కానే కాదు. స్కాన్ దగ్గరికి ఎవరిని, ఎంత త్వరగా చేర్చాలన్నదే మన ప్రశ్న. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారి వాటానే అందులో అన్నిటికన్నా పెద్దది, వారిని చంపేది ఎక్కువగా తలదెబ్బే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం దెబ్బ తగిలిన మొదటి గంటను గోల్డెన్ అవర్‌గా నిర్వచించింది. రెండు గంటల దూరంలో స్కాన్ ఉన్నవాడికి ఆ గంట నిర్ణయం తీసుకోవడానికే చాలదు.

స్కానే పెట్టవచ్చు కదా

ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదురయ్యే గట్టి ప్రశ్న ఇది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. రక్తపరీక్ష మీద పెట్టే డబ్బుతో ఏరియా ఆసుపత్రుల్లోనే సీటీ పెట్టవచ్చు కదా? పెట్టగలిగితే అదే మంచిది. సీటీ ఏం జరిగిందో, ఎక్కడ జరిగిందో చూపిస్తుంది, రక్తంలోని అంకె ఆ రెండూ చెప్పదు. ఎడమవైపా కుడివైపా, రక్తం గడ్డకట్టిందా మెదడు వాచిందా, ఆపరేషన్ చేయవలసినదా కాదా అన్నవి స్కాన్ లేకుండా తేలవు. ఒక జిల్లాకు డబ్బు ఇచ్చి రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను స్కానే ఎంచుకోమంటాను.

కానీ స్కాన్ అంటే యంత్రం ఒక్కటే కాదు. రాత్రి రెండు గంటలకు దాన్ని నడిపే టెక్నీషియన్, ఆ బొమ్మలు చదివే రేడియాలజిస్టు, కరెంటు పోయినా ఆగని ఏర్పాటు, చెడిపోతే వారంలో వచ్చి బాగుచేసే కంపెనీ మనిషి, ఇవన్నీ కలిస్తేనే స్కాన్. పగటిపూట పనిచేసి సాయంత్రం తాళం పడే స్కాన్ గదులు మనకు తెలియనివి కావు, ప్రమాదాలు మాత్రం చీకటి పడ్డాకే ఎక్కువ. పైగా ఎన్ని స్కాన్లు పెట్టినా ఏరియా ఆసుపత్రి వరకే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే మనిషిని ముందు ఎటు పంపాలన్న ప్రశ్న అప్పటికీ ఉంటుంది.

రక్తమే ఎందుకు, వేరే దారులు లేవా అని కూడా అడగవచ్చు. ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో, భోపాల్ ఎయిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్ భాగస్వామ్యంతో తయారైన సెరెబో అనే చేతిపరికరం రక్తం అక్కర్లేకుండా, తలమీద ఆనించి పరారుణ కాంతితో లోపలి రక్తస్రావాన్ని పసిగడుతుంది. దాని మీద నాకు ఆశ ఉంది. ఈ రెండూ పోటీదారులని నేను అనుకోవడం లేదు. ఒకటి పేరుకున్న రక్తాన్ని వెతుకుతుంది, ఇంకొకటి చితికిన కణాలను వెతుకుతుంది.

అసలు చిక్కు వేరేచోట ఉంది. అలాంటి హద్దులతో ఈ పరీక్షను స్కాన్ లేని ఆసుపత్రిలో పెడితే, వచ్చినవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి పాజిటివ్ వస్తుంది, అందరినీ పంపాలి. అలర్ట్-టీబీఐ లెక్కే అది. అందరినీ పంపేటట్టయితే పరీక్ష ఎందుకు? నా వాదనలో బలహీనమైన చోటు ఇదేనని నాకు తెలుసు. దీనికి జవాబు అంకెలోనే ఉందని నా ఉద్దేశం. 22 దగ్గర ఉన్న మనిషీ 2,000 దగ్గర ఉన్న మనిషీ ఒక్కటి కాదు, ఇద్దరికీ పాజిటివ్ అన్న ఒకే మాట రాసి పంపడం వల్లనే ఆ తేడా మాసిపోతోంది. 2022లో వెలువడిన ట్రాక్-టీబీఐ అనే అమెరికా అధ్యయనం ఫలితాల్లో, 1,696 మందికి దెబ్బ తగిలిన రోజునే తీసిన రక్తంలో ఈ ప్రోటీన్లు ఎంత ఎక్కువగా ఉంటే ఆరు నెలల్లో చనిపోయే, లేదా తీవ్ర వైకల్యంతో మిగిలే అవకాశం అంత ఎక్కువగా కనిపించింది. అంటే మోతాదుకు అర్థం ఉంది. మనకు రెండు హద్దులు కావాలి. కింది హద్దుకు లోపల ఉంటే దగ్గర పెట్టుకుని చూడవచ్చు. పై హద్దు దాటితే మార్కులు 15 ఉన్నా, నడుచుకుంటూ వచ్చినా, అంబులెన్సు ఎక్కించాలి. మధ్యలో ఉన్నవాళ్ళకు వాంతులు, వయసు, రక్తం పలచబడే మాత్రలు, దెబ్బ తగిలిన తీరు చూసి డాక్టరు నిర్ణయించుకోవాలి. ఆ పై హద్దు ఎంత అన్నది అమెరికా వాళ్ళు మనకు కట్టివ్వరు, వాళ్ళకు ఆ అవసరం లేదు.

నెగెటివ్ వచ్చాక

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది నెగెటివ్ ఫలితం. "ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అని మన డాక్టర్లు అంటే విసుక్కుంటాం గానీ, ఎన్నో ప్రాణాలను నిలిపిన మాట అది. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం పేరుకునే గాయంలో మనిషి మొదట బాగానే ఉంటాడు, మాట్లాడతాడు, కాసేపటికి మగతలోకి జారతాడు. 2009లో కెనడాలో మంచు వాలు మీద పడిపోయిన నటి నటాషా రిచర్డ్‌సన్ అలాగే మొదట బాగానే మాట్లాడింది, వైద్యం వద్దంది, రెండు రోజుల్లో చనిపోయింది. ఈ రకం గాయంలో రక్తం మెదడు బయట పేరుకుంటుంది. మెదడు కణాలు చితికితేనే పెరిగే ప్రోటీన్లు, మెదడు ఇంకా నలగని మొదటి గంటల్లో ఎంతవరకు పెరుగుతాయన్న ఆలోచన నన్ను వదలదు. కాబట్టి నెగెటివ్ అన్న కాగితం చూసి మనిషిని కనిపెట్టి ఉండడం మానేస్తే, పరీక్ష లేని రోజులే నయమనిపించవచ్చు.

పెద్దవాళ్ళ సంగతి ఇంకోటి. బాత్రూములో జారిపడిన తాతగారికి ఆ రోజు అన్నీ బాగుండి, మూడు వారాల తర్వాత నడక తడబడి, మాట ముద్దగా వస్తే, అది నెమ్మదిగా చేరిన రక్తం వల్ల కావచ్చు. మొదటిరోజు తీసిన ఏ రక్తపరీక్షా దాన్ని ముందే చెప్పలేదు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్న పెద్దలు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పిల్లల విషయానికొస్తే, ఐ-స్టాట్ అనుమతి 18 ఏళ్ళు నిండినవారికే. డాబా మీద నుంచి పడిన పిల్లవాడికి ఇది వాడడానికి లేదు.

పరికరం చుట్టూ ఉన్న చిన్న సంగతులు కూడా తీసిపారేసేవి కావు. కార్ట్రిడ్జిలను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. పరికరం పనిచేసే గది వేడి 16 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో రెంటచింతలలో ఏసీ లేని క్యాజువాలిటీ గదిలో రాత్రి పది గంటలకైనా 30 డిగ్రీలకు దిగుతుందా? ఇలాంటి గదిలో ఇది సరిగ్గా పనిచేస్తుందో లేదో ఇక్కడే, ఇలాంటి ఎండాకాలంలోనే పరీక్షించాలి.

స్కాన్ నార్మల్ అన్నాక

మా మావయ్య స్కాన్‌లో ఏమీ లేదు. తెల్లవారేసరికి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆయనకు ఎరువుల దుకాణం. ఎవరు ఎంత బాకీ అన్నది కాగితం చూడకుండా చెప్పేవాడు. ఆ తర్వాత నెలల తరబడి పద్దు పుస్తకం ముందు కూర్చుని కూడికలు మళ్ళీ మళ్ళీ చేసుకునేవాడు. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, చిన్నమాటకు కోపం. "స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా" అని ఇంట్లో అందరూ అనేవాళ్ళు. రైతులు అప్పు ఎగ్గొట్టడానికి వంకగా వాడుకున్నారు. ఆయన తనకు తానే అనుమానంగా మారాడు.

2019లో ట్రాక్-టీబీఐ బృందం ప్రచురించిన పరిశోధన చదివినప్పుడు నాకు ఆ నెలలు కళ్ళ ముందు కదిలాయి. సీటీ నార్మల్ వచ్చిన 450 మందికి ఎంఆర్ఐ తీస్తే 120 మందిలో గాయం కనిపించింది, వాళ్ళ రక్తంలో జీఎఫ్‌ఏపీ మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువగా ఉంది. సీటీకి కనబడనంత సన్నని గాయాలు ఉంటాయని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. దానికి కొలవదగిన ఆనవాలు రక్తంలో దొరకడం కొత్త. 2025లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్యపత్రికలో వెలువడిన కొత్త వర్గీకరణ కూడా స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అన్న మూడు గంపలను దాటి, రోగి స్థితి, రక్తంలోని గుర్తులు, స్కాన్ బొమ్మ, మనిషి పూర్వాపరాలు అనే నాలుగింటినీ కలిపి చూడమంటోంది.

ఇక్కడ కూడా హద్దు దాటి ఆశపడకూడదు. నేను పైన చెప్పిన 2022 ఫలితాల్లోనే, చావును, తీవ్ర వైకల్యాన్ని బాగా అంచనా వేసిన ఆ ప్రోటీన్లు, మా మావయ్య లాంటి వాళ్ళు పూర్తిగా కోలుకుంటారా లేదా అన్నది మాత్రం సరిగా చెప్పలేకపోయాయి. జీఎఫ్‌ఏపీ తక్కువ ఉన్నంత మాత్రాన తలనొప్పి అబద్ధమని ఎవరూ అనకూడదు. ప్రమాద పరిహారం కేసుల్లో బీమా కంపెనీ తరఫు వకీలు చేతికి అలాంటి కాగితం అందితే ఏమవుతుందో ఊహించగలను. ఎక్కువ ఉంటే పట్టించుకోవడానికి కారణం, తక్కువ ఉంటే కొట్టిపారేయడానికి కారణం కాదు అన్న నియమం ముందే రాసిపెట్టుకోవాలి.

ఏం చేయవచ్చు

రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 7 రోజులు లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం 2025లో మొదలైంది. ఇలాంటి పరీక్ష ఏదైనా వస్తే దాని ఖర్చు ఆ పథకంలో చేరాలి. అది కూడా మొదట చేరిన చిన్న ఆసుపత్రికి చెల్లేటట్టు చేరాలి, చివర చేరిన పెద్ద ఆసుపత్రికి కాదు. ఎక్కడ డబ్బు వస్తుందో పరీక్ష అక్కడికే వెళుతుంది.

అంతకు ముందు చేయవలసింది ఒకటుంది. ఒకటి రెండు జిల్లాలను ఎంచుకుని, ఏరియా ఆసుపత్రికి తలదెబ్బతో వచ్చిన ప్రతి మనిషికీ, తాగినవాడికీ తాగనివాడికీ, రక్తం తీయాలి. నెగెటివ్ వచ్చినవాళ్ళకు కూడా, కనీసం అధ్యయనం జరిగినంత కాలం, స్కాన్ తీయించాలి. హద్దు ఎక్కడ పెడితే ఎవరు జారిపోతున్నారో తెలియడానికి వేరే మార్గం లేదు. నిమ్స్, కేజీహెచ్ లాంటి చోట్ల న్యూరోసర్జన్లు ఇందులో ముందు నిలవగలరు, ఎందుకంటే ఆలస్యంగా చేరిన తలదెబ్బలను రోజూ చూసేది వాళ్ళే. ఎంతమందికి గాయం దొరికిందన్నది ఒక్కటే లెక్కించకుండా, ఆపరేషన్ కావలసిన మనిషి చిన్న ఆసుపత్రి గడప దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టిందన్నది కూడా లెక్కించాలి. ఆ నిమిషాలు తగ్గకపోతే పరీక్ష ఎంత ఖచ్చితంగా ఉన్నా మనకు పనికొచ్చినట్టు కాదు.

రిపోర్టు కాగితం మీద పాజిటివ్, నెగెటివ్ అన్న మాట ఒక్కటే రాయడం మొదటిరోజు నుంచే మానాలి. దెబ్బ తగిలిన సమయం, రక్తం తీసిన సమయం, రెండు ప్రోటీన్ల అంకెలు, అప్పటి గ్లాస్గో మార్కులు నాలుగూ ఒకే కాగితం మీద రోగితో పాటు అంబులెన్సులో వెళ్ళాలి. పెద్ద ఆసుపత్రిలో రెండోసారి రక్తం తీసినప్పుడు పోల్చి చూసుకోవడానికి న్యూరోసర్జన్‌కు కావలసినవి అవే.